ముసలాయన సీను

తెర పక్కన నిలబడి బతికినవాడికి తెర మీదికి రావాలన్న కోరిక ఉండదని లోకం అనుకుంటుంది. లోకానికేం, అది చాలా అనుకుంటుంది. ఎడిటరమ్మ వాళ్ళ నాన్న నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. అంటే వేషం కట్టినవాళ్ళు మాట మర్చిపోయి గుడ్లు తేలేసినప్పుడు, పక్క తెర చాటు నుంచి ఆ మాట అందించే మనిషి. రాజులకీ రాణులకీ, దొంగలకీ జడ్జీలకీ, అందరికీ ఆయనే నోరు. చప్పట్లు మాత్రం వాళ్ళవి. ఆయనకి మిగిలింది దుమ్ము, దగ్గు, తెర తాళ్ళు లాగి లాగి గరుకెక్కిన అరచేతులు.

పత్రికలో ఆయన గురించి ఒకే ఒక్కసారి రాశారు. అదీ పేరు లేకుండా. "ప్రాంప్టరు గొంతు మూడో వరస దాకా వినపడింది" అని. పొగిడినట్టా? కాదు, తిట్టినట్టు. ప్రాంప్టరు వినపడ్డాడంటే పని చెడిందనే లెక్క. ఆ తర్వాత ఆయన గొంతు ఎంత తగ్గించేశాడంటే, ఒక హీరో ఏడుపు సీను మధ్యలో తెర దగ్గరికొచ్చి, "గట్టిగా చెప్పవయ్యా, చస్తున్నానిక్కడ!" అని అరిచాడట. జనం అది కూడా నాటకంలో మాటే అనుకుని ఈలలు వేశారట. ఇంట్లో ఈ ముచ్చట చెప్పుకుని ఎన్నిసార్లు పగలబడి నవ్వారో. నవ్వారు గాని, ఆయన గొంతు మాత్రం మళ్ళీ పెరగలేదు. మంచినీళ్ళు కావాలన్నా గుసగుసగానే అడిగేవాడు.

కూతురు సినిమాల్లో ఎడిటరైంది. అదీ తండ్రి పని లాంటిదే. బాగా చేస్తే ఎవరికీ తెలియదు, తెలిసిందంటే చెడగొట్టినట్టే. "మన ఇంటిపేరు మార్చేసుకుందాం అమ్మాయ్, 'కనపడనివాళ్ళు' అని పెట్టుకుందాం" అనేవాడాయన. అలాంటి కనపడని మనిషిని ఒకాయన కనిపెట్టాడు. పెద్ద పత్రికలో సినిమా సమీక్షలు రాస్తాడు. ప్రతి సినిమాకీ పదికి ఇన్ని అని మార్కులు వేస్తాడు గనక ఆయనకి మార్కుల మాస్టారని పేరు. ఎడిటరమ్మ మొదటి సినిమాకి ఆయన రాసిన ఆఖరి వాక్యం ఇది: "అతుకు ఎక్కడుందో తెలియలేదు. ఎడిటరెవరో గాని చేయి తిరిగిన మనిషి."

తండ్రి ఆ ముక్కని కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించాడు. అప్పటికి తల్లి బతికే ఉంది. "చీరలు తీసినప్పుడల్లా నాకు పరీక్ష రిజల్టు కనపడుతుంది" అని నవ్వేది. తర్వాత ఇంకొన్ని ముక్కలు చేరాయి. తల్లి పోయింది, చీరలు పోయాయి, తలుపు మాత్రం నిండుతూ వచ్చింది. శుక్రవారం పొద్దున్న మార్కుల మాస్టారి సమీక్షని తండ్రి పైకి చదవడం, కూతురు టీ తాగుతూ వినడం ఆ ఇంట్లో తప్పని పని. ఆయన ప్రాంప్టరు చదివినట్టే చదివేవాడు. ఎత్తూ పల్లం లేకుండా, మాట మాత్రం స్పష్టంగా. భావం పెట్టడం వేషగాళ్ళ పని, మాట అందించడమే తన పని అన్నట్టు.

ఆ ఇద్దరూ ఆ మనిషి మాటని అంతగా నమ్మారు. మెచ్చుకున్నప్పుడు నెత్తిన పెట్టుకున్న మాటని, తిట్టినప్పుడు నేలకేసి కొట్టడం అంత తేలిక కాదు. ఈ కథలో పీటముడి అంతా అదే.

సినిమా ఒక ఫ్యాక్టరీలో చనిపోయిన కుర్రాడి గురించి. ఆ కుర్రాడి తండ్రి వేషం వెయ్యాల్సిన నటుడు షూటింగ్ రోజున కాలు బెణికిందని ఎగ్గొట్టాడు. సరిగ్గా అప్పుడే, ఆ రోజు సెట్టులోనే ఉన్న ఎడిటరమ్మకి ఇంట్లో మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వాళ్ళ నాన్న వచ్చాడు. వచ్చినవాడు అలవాటు కొద్దీ సెట్టు గోడ చాటున నిలబడ్డాడు. కొంచెం ముందుకి వంగి, ఎదుటివాళ్ళ పెదాల వైపు చూస్తూ.

"ఎవరాయన?" అన్నాడు డైరెక్టరు. "ఆ నిలబడటం చూడండి. ఎవరో పిలుస్తారని ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నట్టు లేదూ?"

పట్టుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా మూసిన గది తలుపు, కాళ్ళ దగ్గర ఒక జత బూట్లు.

"ఏం మాట్లాడాలండీ?" అని ఆయన గుసగుసగా అడిగాడు.

"ఏమీ వద్దండీ. మీ అబ్బాయి పోయాడు. ఇవి వాడి బూట్లు. ఇంక మీ ఇష్టం."

ఆయన ఒక బూటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చొక్కా కొసతో దుమ్ము తుడిచాడు. మడమ దగ్గర అంటుకున్న మట్టిని గోటితో గీకాడు. రెండోదీ అంతే. చిన్నపిల్లాడికి కట్టినట్టు లేసులు ముడేశాడు. తుడిచిన బూట్లని వీధివైపుకి తిప్పి పెట్టాడు, పనికి బయలుదేరేవాడికి పెట్టినట్టు. కాసేపు చూశాడు. తర్వాత వంగి, వాటిని మళ్ళీ ఇంట్లోకి తిప్పి పెట్టాడు. అంతే. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు. లైట్ల దగ్గర ఎవరో ముక్కు చీదారు.

"ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా?" అని దారిలో కూతురు అడిగింది.

"నేర్చుకోవడానికేముందమ్మా. జన్మంతా మాట మర్చిపోయినవాళ్ళ మొహాలే కదా చూశాను. మాట దొరకనివాడు ఎలా ఉంటాడో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?"

ఎడిటింగులో ఆ సీనుని ఆమె ముట్టుకోలేదు. కత్తెర పెట్టకపోవడం కూడా ఎడిటింగేనని, అది అన్నిటికన్నా కష్టమైన ఎడిటింగని ఆమెకి తెలుసు. నాలుగు నిమిషాల పైచిలుకు ఒకే షాటు. అది తన తండ్రి అని మర్చిపోయి చూసింది, గుర్తుపెట్టుకుని చూసింది, ముందు నుంచి చూసింది, వెనక నుంచి చూసింది. సినిమాకి ప్రాణం అక్కడే ఉంది. ఆ విషయంలో ఆమెకి రవ్వంత అనుమానం లేదు.

గురువారం సాయంత్రం, విడుదలకి ముందు ఒక ఆట వేశారు. పత్రికలవాళ్ళు కొందరు, మామూలు జనం కొందరు. బూట్ల సీను వచ్చేసరికి హాల్లో పొట్లాల చప్పుడు ఆగిపోయింది. ఎడిటరమ్మ గోడవార నిలబడి వాళ్ళ మొహాలే చూసింది. ఒకావిడ పక్కనున్న మొగుడి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. అంతకన్నా ఏం కావాలి? ఇంటికొచ్చి తండ్రికి చెబితే, ఆయన తలుపు వెనక చేరిన చంటాడిలా నవ్వాడు. ఆయన ఇంకా చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆటకి నాటకాల కంపెనీ పాత మిత్రులందరితో కలిసి చూడాలని ఆయన పట్టు.

శుక్రవారం పొద్దున్న ఆమె లేచేసరికే ఆయన పేపరు చేతబట్టుకుని కూర్చున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. కథ బాగుందట, కుర్రాడి స్నేహితుడి వేషం వేసినవాడు బాగా చేశాడట. ఎత్తూ పల్లం లేని ఆ గొంతు తర్వాతి వాక్యం కూడా అలాగే చదివేసింది.

"ఇంటర్వెల్ తర్వాత ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని బూట్లు తుడుస్తాడు. ఆ బూట్లు మెరిసేలోపు ప్రేక్షకుడికి గడ్డం పెరుగుతుంది."

ఆయన ఆగలేదు. మిగతాదీ చదివాడు, మార్కులు కూడా చదివాడు. పదికి అయిదున్నర. పేపరు నాలుగు మడతలు పెట్టాడు. అప్పుడు గడ్డం తడుముకుని, "పొద్దున్నే గీసుకున్నానే. నాకూ పెరిగిందేమో చూడు" అన్నాడు.

"నాన్నా, ఆయనకి అర్థం కాలేదు."

"నీ పని బాగుందని ఇన్నాళ్ళూ మనకి ఆయన మాటతోనే కదమ్మా అర్థమైంది."

"నేను ఎడిటర్ని. చెప్తున్నాను, ఆ సీను బాగుంది. సినిమాలో అంతకన్నా మంచి సీను లేదు."

ఆయన టీ గ్లాసు ఆమె వైపు జరిపాడు. "నువ్వు కూతురివి తల్లీ. నీ మాట లెక్కలోకి రాదు."

ఆమెకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇన్నేళ్ళు ఎవరి మాట ఎందుకు లెక్కలోకి వస్తుందో ఆమె ఆలోచించలేదు. తమ ఊరూ పేరూ తెలియని మనిషి, నిద్రలేమితోనో పనుల తొందరలోనో రాసిన రెండు ముక్కలు బీరువా తలుపెక్కాయి. తమని కడుపులో పెట్టుకుని చూసినవాళ్ళ మాట మాత్రం అభిమానం కింద కొట్టుకుపోయింది. ప్రేమించినవాడు గుడ్డివాడట. ప్రేమ లేనివాడికి చూపు ఎక్కడి నుంచి వస్తుందో మరి ఎవరూ చెప్పరు. ఇదంతా ఆమె నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఆయన లేచి, ఆదివారం వేసుకోవాల్సిన చొక్కా వెతుక్కుంటున్నాడు.

జోకు అనేది అంటువ్యాధి. మధ్యాహ్నానికల్లా గడ్డం మాట ఊరందరి ఫోన్లలోకి ఎక్కింది. సాయంత్రం ఆటకి ఎడిటరమ్మ మళ్ళీ వెళ్ళి గోడవార నిలబడింది. తెర మీద కుర్చీ కనపడిందో లేదో, ఎవడో కుర్రాడు గడ్డం నిమురుకున్నాడు. వాడి పక్కవాడూ నిమిరాడు. ఆ వరసంతా నిమిరింది. "మంగలిని పిలవండ్రోయ్!" అని వెనక నుంచి కేక. హాలు హాలంతా గొల్లుమంది. తెర మీద ఆయన లేసులు ముడేస్తున్నాడు, చిన్నపిల్లాడికి కట్టినట్టు. నిన్నటి జనానికీ ఇవాళ్టి జనానికీ తేడా ఏముంది? సీను అదే, హాలు అదే. వీళ్ళు ఎలా చూడాలో చదువుకుని వచ్చారు, అంతే. ఆమె చివరిదాకా ఉండలేక బయటికి వచ్చేసింది.

శనివారం ఎడిటింగు గదికి నిర్మాత వచ్చాడు. మనిషి మంచివాడే. కానీ రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. వెనకే డైరెక్టరు, కుక్కిన పేనులా.

"తీసెయ్యాలమ్మా" అన్నాడు నిర్మాత, కూర్చోకుండానే. "అక్కడికి రాగానే సినిమా నవ్వులపాలైపోతోంది. మళ్ళీ లేవట్లేదు."

"నవ్వింది సీను చూసి కాదండీ. పేపరు చూసి. గురువారం ఒక్కరు కూడా నవ్వలేదు, నేనున్నాను."

"గురువారం వాళ్ళు ఇంకా చదవలేదు కదా."

"అదే నేననేది."

"నేననేదీ అదే! ఇప్పుడు చదివేశారు. చదివినవాళ్ళని చదవనివాళ్ళుగా మార్చే కత్తెర ఉందా నీ దగ్గర?"

ఆమె డైరెక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆ రోజు కట్ చెప్పడం మర్చిపోయింది మీరే కదా."

డైరెక్టరు కాలి బొటనవేలితో నేల రాస్తూ, "మర్చిపోయాననే ఇప్పుడు అనిపిస్తోంది. టైముకి చెప్పి ఉండాల్సింది" అన్నాడు. తన కళ్ళతో చూసి కంటతడి పెట్టుకున్న మనిషి. ఎవరో చమత్కరించగానే తన కన్నీళ్ళ మీద తనకే నమ్మకం పోయింది. ఆమెకి ఆయన మీద అసహ్యం వేసింది. కాసేపటికి జాలి కూడా వేసింది, అది ఇంకా ఘోరంగా ఉంది.

"సినిమాకి గుండెకాయ అదేనండీ" అని మళ్ళీ మొదలుపెట్టింది.

నిర్మాత ఆమెని చూసి నెమ్మదిగా అన్నాడు. "ఏమీ అనుకోకమ్మా. నీ పనితనం గురించి నేను ఒక్క మాట అనను. కానీ కాకిపిల్ల కాకికి ముద్దు. ఆయన మీ నాన్న కాకపోతే, ఆ నాలుగు నిమిషాలు నువ్వు ఉంచేదానివా?"

నిన్న పొద్దున తండ్రి అన్నదే మాట, వేరే నోటి నుంచి. ఉంచేదాన్నే అని చెప్పాలి. చెప్పలేకపోయింది. ఎందుకంటే ఆ క్షణంలో ఆమెకి కూడా తెలియలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి తన కన్ను మీద తనకే అనుమానం వచ్చింది.

"పోనీ మొత్తం వద్దు" అన్నాడు డైరెక్టరు, రాజీకి వచ్చినట్టు. "ఒక నిమిషం ఉంచుదాం. ఆయన కనపడతారు, సీను అయిపోతుంది."

అక్కడ ఆమె చేసిన పని ఎవరో చెయ్యమంటే చేసింది కాదు. ఆ నిమిషం తీసుకుని ఉంటే సరిపోయేది. తండ్రి తెర మీద ఉండేవాడు, బూటు చేత పట్టుకుని, క్షణకాలమైనా. కానీ ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది. కూతురి కోసం వేసిన ముష్టి లాగా అనిపించింది ఆ నిమిషం. తను కాకి కాదని, ఎడిటరని రుజువు చెయ్యాలనిపించింది.

"నిమిషం ఉంచితే మరీ అసహ్యంగా ఉంటుంది. బూట్లెందుకు తుడుస్తున్నాడో కూడా తెలియదు. ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు."

"అయితే?" అన్నాడు నిర్మాత.

"అసలు ఉండదు" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

వేరేవాళ్ళకి వదిలేస్తే గొడ్డలితో నరికినట్టు నరుకుతారు. తనైతే నొప్పి తెలియకుండా చేస్తుంది. అలా అనుకుని మనసుకి నచ్చచెప్పుకుంది. కుర్రాడి స్నేహితుడు ఆ ఇంటి మెట్లు ఎక్కే షాటు ఉంది. ఆ తర్వాత వాన పడుతున్న వీధి ఉంది. మధ్యలో ఆ కుర్చీ, ఆ తలుపు, ఆ బూట్లు. మెట్ల మీది అడుగుల చప్పుడుని సాగదీసి వాన చప్పుడులో కలిపింది. ఒకటికి రెండుసార్లు వేసి చూసింది. మెట్లు, వాన. ఎక్కడా తొట్రుపాటు లేదు. మధ్యలో ఒక మనిషి కూర్చున్నాడని ఎవరూ కలగనలేరు. పని చాలా బాగా కుదిరింది, దిక్కుమాలినంత బాగా.

"కొత్త ప్రింటు హాళ్ళకి ఎప్పుడు వెళ్తుంది?" అని వెళ్ళేముందు అడిగింది.

"సోమవారం" అన్నాడు డైరెక్టరు.

అది విని ఆమెకి ఊపిరి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తండ్రి పాతదే చూస్తాడు. జనం నవ్వినా నవ్వనీ, తన మొహం తెర మీద ఒక్కసారి చూసుకుంటాడు. తర్వాత మెల్లిగా చెప్పొచ్చు. చెప్పాల్సినవాళ్ళందరూ పట్టుకుని వేలాడే ఊచ ఈ 'తర్వాత' అన్న మాటే.

ఇంటికొచ్చేసరికి చొక్కా ఇస్త్రీ అయి కుర్చీ వీపుకి వేలాడుతోంది. తండ్రి మిత్రులతో ఫోన్లో గుసగుసగా మాట్లాడుతున్నాడు. "పేపర్లో తిట్టాడులేవోయ్. అవునవును, నన్నే. ఎవరు తిట్టారనుకున్నావు, మార్కుల మాస్టారు! ఊరికే తిడతాడా ఆయన?" అంటున్నాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. పేరు లేకపోతేనేం, ఈసారి రాసింది గొంతు గురించి కాదు, మనిషి గురించి. ఆమె చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం మిత్రులు వచ్చారు. కంపెనీలో రంగులు పూసిన మేకప్ బాబాయి, ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. ఎప్పుడూ రాణి వేషాలే కట్టిన మహారాణి అత్త, కర్ర ఊతంతో. ఈ వయసులో కూడా అత్త దారంతా మేకప్ బాబాయిని, "నువ్వు పూసిన రంగు వల్లే నాకీ మచ్చలు" అని సాధిస్తూనే ఉంది. "మచ్చలకి తోడు నటన కూడా ఉంటే బావుండేది" అని బాబాయి. తండ్రి ఇద్దరి మధ్యా కొత్త పెళ్ళికొడుకులా నడిచాడు. హాల్లో ఆయన పక్కన ఎడిటరమ్మ కూర్చుంది.

ఇంటర్వెల్ అయింది. స్నేహితుడు వీధి మలుపు తిరిగాడు. తండ్రి నిటారుగా కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. ప్రాంప్టరుకి సినిమా అయినా ఒకసారి కథ చెబితే చాలు, వరస మొత్తం నోటికొస్తుంది. స్నేహితుడు మెట్లెక్కాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. తండ్రి చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది.

వాన.

వీధి, గొడుగులు, నీళ్ళు చిమ్ముతూ పోతున్న బస్సు. నిర్మాత ఆదివారం జనాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేక పొద్దున్నే కొత్తది పంపించేశాడని ఆమెకి ఆ వానలో అర్థమైంది. ఎవరూ గడ్డం నిమరలేదు. ఎవరూ నవ్వలేదు. జనం ఒళ్ళు మర్చిపోయి చూస్తున్నారు. తండ్రి చెయ్యి ఆమె చేతి మీద అలాగే ఉంది, బిగుసుకోలేదు, వదల్లేదు.

కాసేపాగి మేకప్ బాబాయి వంగి, "ఏరా, వచ్చేశావా? ఇందాక మెట్ల దగ్గర నువ్వేనా?" అన్నాడు.

"నేనే" అన్నాడు తండ్రి. "వచ్చాను, వెళ్ళిపోయాను."

"చూశాను చూశాను! భలే చేశావురా."

మహారాణి అత్తకి చూపు బాగానే ఉంది. ఆమె చీకట్లో కర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది.

ఆట అయ్యాక బయట వసారాలో మార్కుల మాస్టారు ఎదురుపడ్డాడు. మార్చిన సినిమా ఇంకోసారి చూడమని నిర్మాత బతిమాలి పిలిపించాడట. బక్కపలచటి మనిషి, భుజాన సంచీ, కళ్ళ కింద నలుపు. ఎడిటరమ్మని చూసి దగ్గరికొచ్చాడు.

"బాగా కుదిరిందమ్మా ఇప్పుడు. చాకులా ఉంది." ఒక్క క్షణం తటపటాయించి గొంతు తగ్గించాడు. "ఆ ముసలాయన సీను మొత్తం తీసేశారా? నేను పొడుగైందన్నాను గాని, తీసెయ్యమన్నానా? ఆ రోజు అది మూడో సినిమా నాకు, తల పగిలిపోతోంది. రాసేశాను. తర్వాత రెండు రోజులు ఆ బూట్లు నన్ను వదల్లేదు. ఇంట్లోకి తిప్పి పెడతాడు చూడండి, అక్కడ... ఏమో, తొందరపడ్డానేమో."

"ఆ మాట రాయండి" అంది ఆమె. "ఇప్పుడు నాతో అన్నారే, అదే మాట రాయండి."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "ఎలా రాస్తానమ్మా? లేని సీను బాగుందని రాస్తే జనం నన్ను చూసి నవ్వరూ?"

నవ్వుతారని భయం. ఆ భయం ఆయనకి కూడా ఉంది. ఊళ్ళో అందరికీ ఆయనంటే భయం, ఆయనకి ఊరంటే భయం. మధ్యలో ఎవరికీ భయపడకుండా బూట్లు తుడిచినవాడు ఒక్కడే, ఆయన ఇప్పుడు మాస్టారికి జానెడు దూరంలో ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. నాలుగు నిమిషాలు తెర నిండా చూసిన మొహాన్ని ఆ మనిషి గుర్తుపట్టలేదు.

తండ్రి రెండు చేతులూ జోడించాడు. "మీరు రాసేది ప్రతి వారం చదువుతానండీ" అన్నాడు, ఎప్పటిలాగే గుసగుసగా.

"ఏమన్నారు?" అని మాస్టారు చెవి ముందుకి పెట్టాడు.

తండ్రి మళ్ళీ చెప్పలేదు. తల ఊపి పక్కకి జరిగాడు. వెనక జనం తోసుకొస్తున్నారు, మాస్టారు వాళ్ళలో కలిసిపోయాడు.

దారి పొడుగునా ఆమె చెప్పాలని చూసింది. తీసింది నేనే నాన్నా, నిమిషం ఉంచుతామంటే నేనే వద్దన్నాను నాన్నా. మిత్రులు ఉన్నారని ఆగింది. మిత్రులు వెళ్ళాక ఆయన అలిసిపోయానని పడుకున్నాడు.

సోమవారం పొద్దున్న లేచేసరికి ఆయన పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మామూలుగా సోమవారం సమీక్షలుండవు. ఇవాళ చిన్న ముక్క వేశారు, మార్చిన సినిమా గురించి. ఆమె టీ గ్లాసుతో ఎదురుగా కూర్చుంది. ఆయన చదివాడు, ఎత్తూ పల్లం లేకుండా.

"అనవసరమైన బరువు దిగింది. సినిమా ఇప్పుడు పరుగెడుతోంది. ఈ ఘనత ఎడిటర్‌దే. పదికి ఏడున్నర."

చదవడం అయ్యాక కత్తెర తెచ్చుకున్నాడు. ఆ ముక్క చుట్టూ జాగ్రత్తగా, గీత తప్పకుండా కత్తిరించాడు. బీరువా తలుపు తీసి, ఖాళీ ఎక్కడుందో వెతికి, వెనక జిగురు రాసి అంటించాడు. ముడతలు పోయేలా అరచేత్తో రెండుసార్లు రుద్దాడు.

"నాన్నా," అంది ఆమె. "అది తీసింది..."

"తెలుసమ్మా." ఆయన ఇటు తిరగలేదు. "మెట్ల చప్పుడు వానలో కలిసినప్పుడే తెలిసింది. అలా కలపడం నీకు తప్ప ఎవరికొచ్చు?"

ఆమెకి మాట దొరకలేదు. ఆయన తలుపు వైపే చూస్తూ కాసేపు ఆగాడు. మాట మర్చిపోయినవాళ్ళ కోసం ఎప్పుడూ ఆగినట్టే ఆగాడు. ఈసారి అందించడానికి ఆయన దగ్గర కూడా మాట లేదు.

"చాలా బాగా కోశావు తల్లీ" అన్నాడు చివరికి. "అతుకు తెలియలేదు. నేనున్న చోటు నాకే దొరకలేదు."

జిగురు ఇంకా ఆరలేదని బీరువా తలుపు తెరిచే ఉంచి, ఆయన గడ్డం గీసుకోవడానికి వెళ్ళాడు.